బందరు బస్సులో వచ్చిన పిట్టలు

సైదమ్మకు పిట్టల పిచ్చి పట్టించింది జ్యోతి మేడమేనని మా హాస్టల్లో అందరూ అనేవారు. అది పూర్తిగా నిజం కాదు. మేడం రాకముందే సైదమ్మ వంటగది కిటికీలోంచి గోరింకల తగువు చూస్తూ పాలు పొంగబెట్టిన రోజులున్నాయి. మేడం ఆమె చేతికి కెమెరా ఇచ్చింది, అంతే.

గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి నేను చైతన్యపురి వచ్చి ఆ ఆడపిల్లల హాస్టల్లో చేరింది రెండువేల ఎనిమిదిలో. మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి ఉండేది. పైన గదులు, కింద వంటగది. ఆ వంటగది సైదమ్మది. చిట్యాల దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక కొత్తపేటకు వచ్చిన మనిషి. కూతురు సంతోషిని నకిరేకల్లో ఇచ్చింది. భర్త మట్టయ్య ఆర్టీసీలో కండక్టరు. ఎల్బీనగర్ మీదుగా బందరు పోయే ఎక్స్‌ప్రెస్ ఆయన డ్యూటీ. ఒకరోజు పోయి, అక్కడ పడుకుని, మర్నాడు తిరిగొచ్చేవాడు.

మేమంతా ఆమెను సైదక్కా అని పిలిచేవాళ్ళం. పొద్దున టిఫిను, మా డబ్బాల్లోకి మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చాయ్, రాత్రి భోజనం. హాస్టల్లో ఒక్క పిల్ల మిగిలినా పొయ్యి వెలగాల్సిందే. దసరాకూ సెలవు లేదు, దీపావళికీ లేదు. ఆమెకు దొరికేది ఒక్కటే తీరిక. డబ్బాలు కట్టేసి, గిన్నెలు బోర్లించాక, మళ్ళీ కూరగాయలు తరగడం మొదలయ్యేలోపు పొద్దెక్కిన ఆ కాసేపు.

జ్యోతి మేడం, పూర్తి పేరు అరుణజ్యోతి, మా పక్క వీధి కోచింగ్ సెంటరులో జువాలజీ చెప్పేది. బందరు మనిషి. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. మా హాస్టల్లోనే మేడ మీద ఒంటరి గది తీసుకుని ఉండేది. ఆదివారాలు మెడలో కెమెరా వేసుకుని సరూర్‌నగర్ చెరువు కట్టకు వెళ్ళేది. ఒకరోజు వంటగదిలో నిలబడి కాఫీ తాగుతూ, తను తీసిన ఫొటోలు కెమెరా వెనక చిన్న తెర మీద చూసుకుంటోంది. సైదమ్మ పిండి చేతులతోనే వెనక నుంచి తొంగిచూసింది.

"గిది బుడబుంగ గద మేడం! గింత దగ్గర్నుంచి ఎట్ల దిగనిచ్చింది? మనిషి అలికిడైతే బుడుక్కున మునుగుతదది."

"మీకు తెలుసా దీన్ని?"

"ఎందుకు తెల్వది. మా ఊరి కుంటల మస్తుగుంటుండె. పట్టుకుందామని దిగి మా అమ్మతోని దెబ్బలు తిన్న."

మేడం నవ్వింది. ఆ మర్నాడు సోమవారం ఆమెకు పొద్దున క్లాసు లేదు. సైదమ్మ గిన్నెలు బోర్లించగానే ఇద్దరూ కలిసి చెరువుకు నడిచారు. అలా మొదలైంది. ఆదివారాలు పొద్దున్నే వెళ్ళే అలవాటు మానేసి, మేడం తన క్లాసులు అటూ ఇటూ మార్పించుకుంది.

సరూర్‌నగర్ చెరువు అందమైనదేం కాదు. మురుగు వాసన, గుర్రపు డెక్క, వినాయక చవితి తర్వాత తేలే వెదురు బద్దలు. కానీ పిట్టలు వచ్చేవి. సైదమ్మ కట్ట కింద రాళ్ళ మీద, పొయ్యి ఊదడానికి కూర్చున్నట్టు ముడుచుకుని కూర్చునేది. పిట్ట వైపు సూటిగా నడవకూడదని, ఎండ మన వీపు మీద పడాలని, ఊపిరి బిగబట్టి మీట నొక్కాలని మేడం చెప్పింది. సైదమ్మకు మొదటి నెలంతా తోకలే దొరికాయి. తర్వాత తలలు దొరికాయి. ఒకరోజు గుర్రపు డెక్క ఆకు మీద నిలబడిన నీలం నీటికోడి, పొడుగు వేళ్ళతో సహా, మొత్తం దొరికింది. ఆ రోజు మా అందరికీ పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. అందరం అలాగే తినేశాం.

అక్కడ కూర్చున్నప్పుడు మేడం బందరు సంగతులు చెప్పేది. గిలకలదిండి దాటి వెళితే మడ చెట్లు, వాటి అవతల కనుచూపు మేర బురద మేటలు. చలికాలం ఎక్కడెక్కడి మంచు దేశాల నుంచో ఉల్లంకి పిట్టలు అక్కడికి దిగుతాయి. వేలకు వేలు. ఆ గుంపు ఫొటో ఒకటి మేడం దగ్గర ఉండేది. ఆకాశంలో సగం పొగలాగా నల్లగా, సగం వెండిలాగా తెల్లగా.

"ఒకే గుంపేనా ఇది? రెండు రంగులున్నయేంది?"

"ఒకే గుంపు సైదక్కా. వీపులు ముదురు రంగు, పొట్టలు తెలుపు. గద్ద వస్తే అన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి. తిరిగినప్పుడు తెల్లగా మెరుస్తాయి. ఫొటోలో ఏం తెలుస్తుంది, చూడాలి."

సైదమ్మ ఆ తెరను చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ఆమె సముద్రం చూడలేదు. మొగుడు రోజు విడిచి రోజు సముద్రమున్న ఊరికి పోయి వస్తున్నాడు, ఆమె చూడలేదు. మట్టయ్య ఎప్పుడూ అనేవాడు, "నా బండిలనే తోల్కపోత. డ్రైవరెన్క ముందు సీట్ల కూసోబెడ్త. జర ఓపిక పట్టు." బండి ఎప్పుడూ ఉండేది. హాస్టలు ఆమెను వదిలేది కాదు.

రెండువేల తొమ్మిది డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్న ప్రకటన వచ్చింది, మా వీధిలో రంగులు చల్లుకున్నారు. సంక్రాంతి పండగకు ముందే అది మళ్ళీ వెనక్కి పోయింది. ఆ తర్వాత ఏ రోజు బందో, ఏ రోజు క్లాసో ఎవరికీ తెలిసేది కాదు. కోచింగ్ సెంటర్ల షట్టర్లు సగం దించి నడిపేవారు. మేమంతా నల్లగొండ, ఖమ్మం, పాలమూరు పిల్లలం. ఊరేగింపులకు పోయేవాళ్ళం. సైదమ్మ కూడా పప్పు గరిటె పక్కన పెట్టి గేటు దాకా వచ్చి నినాదాలు చేసేది. అందులో ఆమెకు అనుమానమేమీ లేదు. వాళ్ళ ఊళ్ళో ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన మేనమామ కొడుకులున్నారు.

కానీ జ్యోతి మేడం మారిందని ఆమె అందరికంటే ముందు కనిపెట్టింది. కొత్తపేట రైతుబజారులో మేడం బేరమాడటం మానేసింది. వేలితో చూపించి, సంచీ చాచేది. ఆటోలో ఒక్క ముక్క మాట్లాడేది కాదు. నోరు విప్పితే యాస తెలిసిపోతుందని.

"మిమ్ముల ఎవ్వరన్న ఏమన్న అన్నరా మేడం?"

"లేదు సైదక్కా. ఎవరూ ఏమీ అనలేదు. అంటారేమోనని నాకే."

ఆ రోజు నుంచి బజారులో మేడం బదులు సైదమ్మ మాట్లాడేది. వంకాయలు ఏరుతూ, మేడం ఏమడగాలనుకుందో తనే అడిగేది.

మరుసటి ఏడాది ఎంట్రెన్సు పరీక్షలు అయిపోగానే మేడం ఉద్యోగం మానేసింది. బందరులోనే ఒక జూనియర్ కాలేజీలో చోటు దొరికిందని, నాన్న ఒక్కడే ఉన్నాడని చెప్పింది. అవి నిజాలే. మేడం కొత్త కెమెరా కొనుక్కుంది. ముక్కు ముందుకు సాగే ఆ పాత కెమెరాను వంటగది గట్టు మీద, మిక్సీ పక్కన పెట్టింది.

"నాకెందుకు మేడం గిది, కరాబు చేస్త."

"చేస్తే చెయ్యి. పిట్టల్ని మాత్రం వదలకు."

మేడం బందరుకు వెళ్ళింది కూడా మట్టయ్య బస్సులోనే.

ఆ చలికాలం మట్టయ్య ఒకసారి తిరిగొచ్చి, చొక్కా జేబులోంచి ఖాళీ తలనొప్పి మందు డబ్బా తీసి భార్యకిచ్చాడు. "మీ పిట్టలమ్మ బస్టాండ్ల ఇచ్చింది." మూత తీస్తే లోపల దూదిలో చుట్టిన కెమెరా కార్డు. వేలి గోరంత ఉంది. సైదమ్మ దాన్ని తన కెమెరాలో పెట్టి తెర వెలిగించింది. మేం దోసెలు వదిలేసి ఆమె చుట్టూ మూగాం. ఇసుక మీద ఎర్ర పీతలు. తీగలా వంగిన ముక్కుతో బురదలో వెతుక్కుంటున్న పెద్ద పిట్ట. పడవ కొయ్య మీద వరుసగా సముద్రపు కాకులు. చివర్లో ఒక ఫొటోలో పిట్టల అడుగుజాడలున్న తడి ఇసుక, ఆ ఇసుకలో పుల్లతో రాసిన అక్షరాలు. సైదమ్మ చదువు మూడో తరగతితో ఆగింది. కూడబలుక్కుని చదివింది. "బాగున్నావా సైదక్కా."

అప్పటి నుంచి ఆ కార్డు అటూ ఇటూ తిరిగింది. బందరు నుంచి సముద్రం వచ్చేది. ఇక్కడి నుంచి సరూర్‌నగర్ చెరువు వెళ్ళేది. ఎండ నెత్తి మీదికి వచ్చాక తీసిన ఫొటోలు కావడంతో సైదమ్మవి కాస్త పాలిపోయినట్టుండేవి. అయినా పంపేది. ఇసుక లేదు కాబట్టి బియ్యప్పిండిలో వేలితో రాసి ఫొటో తీసేది. "మేము బాగున్నం." ఫోన్లు లేకపోలేదు. మాట్లాడుకునేవాళ్ళు కూడా. కానీ ఫోన్లో పిట్టలు కనిపించవు కదా అనేది.

మట్టయ్యకు పిట్టల మీద ఏ ఆసక్తీ ఉండేది కాదు. మధ్యలో మోసేవాడు కాబట్టి మెల్లగా ఆయనకూ అంటుకుంది. "ఇయ్యాల ఉయ్యూరు కాడ తీగల మీద నీలం పిట్ట కూసున్నది. నువ్వుంటే బాగుండు," అనేవాడు. ఆ మాటకు సైదమ్మ ముఖంలో ఏదో కదిలేది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూశారు, ఆఫీసులు మూశారు, కోచింగ్ సెంటర్లు మూశారు. కొన్నాళ్ళకు బస్సులూ ఆగాయి. పిల్లలందరం ఊళ్ళకు పోయాం. నేను మాత్రం మా ఊరు పోయి పది రోజులుండి, పరీక్ష భయంతో తిరిగొచ్చి, ఎల్బీనగర్లో మా పెదనాన్న ఇంట్లో ఉన్నాను. తర్వాతి సంగతి నాకు తెలిసింది అందుకే.

హాస్టల్ వంటగదికి తాళం పడింది. పెళ్ళయినప్పటి నుంచి సైదమ్మకు పనిలేని రోజులు అవే. మట్టయ్య కూడా ఇంట్లోనే. ఇంట్లో అంటే, ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె శిబిరంలో. రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు పెద్ద డేగిసాల్లో అన్నం వండింది సైదమ్మే. హైవే మధ్యలో మూడు రాళ్ళ పొయ్యిలు, పొగ, డప్పులు. ఇటు వైపు లారీలు, అటు వైపు లారీలు. ఆమె చీర కొంగు నడుముకు బిగించి గరిటె తిప్పుతుంటే, విజయవాడ వైపు పోయే ఆ రోడ్డు మీద ఒక్క బస్సూ కనిపించలేదట. మట్టయ్య బస్సు రోజూ పోయే రోడ్డు అది. కార్డు బందరులోనే ఉండిపోయింది. ఉల్లంకి పిట్టలు దిగే కాలం వచ్చేసింది.

సద్దుల బతుకమ్మ ముందు రోజు ఆమె మొగుడితో చెప్పింది. పండగైనాక బందరు పోతానని.

"బస్సులెక్కడియి?" అన్నాడు మట్టయ్య.

"రైలున్నది. సికింద్రాబాద్ల ఎక్కితె తెల్లారేవరకు బందర్ల దింపుతదట. మేడంను అడిగిన."

"సోయుండే మాట్లాడుతున్నవా? నేను శిబిరంల కూసుంటి. నా పెండ్లాం ఆంధ్రకు పోయి సముద్రం కాడ ఫొటోలు దిగుతదా? నలుగురు ఏమంటరు నన్ను?"

"ఏమంటరు? నేను తెలంగాణ ఒద్దన్ననా? రోడ్డు మీద నీ సమ్మెకు అన్నం వండింది నేను కాదా? సముద్రం చూస్తనన్న, అంతే."

"సమ్మె అయినంక నా బండిల తోల్కపోతనంటి గద."

"నీ బండి నడిచినప్పుడు నా పొయ్యి ఆగదు. నా పొయ్యి ఆగినప్పుడు నీ బండి నడవది. ఇంక ఎప్పుడు సంతోషి నాయినా?"

మట్టయ్య లేచి శిబిరానికి పోయాడు. దసరా దాకా అన్నం కూడా అక్కడే తిన్నాడు. దసరా మర్నాడు ఆమె సంచీ సర్దుకుంటుంటే బయటికి పోయి, ఒక షేర్ ఆటోను మాట్లాడుకుని తిరిగొచ్చాడు. స్టేషన్ దాకా పక్కనే కూర్చున్నాడు. రైలెక్కించి కిటికీ దగ్గర నిలబడి, "కెమెరాకు బ్యాటరీలు పెట్టుకున్నవా?" అని అడిగాడు.

బందరు స్టేషన్లో దిగేసరికి తెల్లవారింది. జ్యోతి మేడం స్కూటీతో వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఏం చెయ్యాలో తెలియక, ఒకేసారి నవ్వారట. మేడం కాస్త లావైంది. గొంతు మాత్రం మళ్ళీ పాత గొంతు. స్టేషన్ బయట అరటిపళ్ళు అమ్మేవాడితో గట్టిగా, చేతులు తిప్పుతూ బేరమాడుతోంది. సైదమ్మ ఈసారి పక్కన నిలబడి నోరు మూసుకుంది. చైతన్యపురిలో మేడం ఎంత నోరు కట్టుకుని ఉండేదో ఆమెకు అప్పుడు అర్థమైంది.

మేడం తండ్రి శ్రీరామమూర్తి గారు రిటైరైన హైస్కూలు మాస్టారు. హాల్లో టీవీ నడుస్తోంది, అందులో సమ్మె గురించే. ఆయన సైదమ్మకు తనే మంచినీళ్ళు తెచ్చిచ్చి, కుర్చీ చూపించాడు. తనూ కూర్చుని మెల్లగా అడిగాడు.

"మా వాళ్ళందర్నీ వెళ్ళిపొమ్మంటున్నారటగా సైదమ్మగారూ? మా అమ్మాయి ఏమీ చెప్పదు."

"నాన్నా," అంది మేడం.

సైదమ్మ సంచీలోంచి డబ్బా తీసింది. సద్దులకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు. "నేను అట్ల ఎప్పుడు అన్లే సార్. అన్నోళ్ళు ఉంటె ఉన్నరేమో. మా రాష్ట్రం మాకు గావాలె, అది మాత్రం అన్న. మీ బిడ్డ పోయినంక కట్ట మీద ఒక్కదాన్నే కూసుంటున్న. గది గూడ నిజమే."

ఆయన ముద్ద విరిచి నోట్లో వేసుకున్నాడు. టీవీ కట్టేశాడు. ఆమె ఉన్న రెండు రోజులూ మళ్ళీ పెట్టలేదు.

స్కూటీ మీద గిలకలదిండి దాటి, కాలిబాటలో నడిచి, మడ చెట్ల అంచుకు చేరేసరికి ఎండ ఇంకా పల్చగానే ఉంది. సైదమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ముందు ఆమెకు సముద్రం కనిపించలేదు. బురద కనిపించింది. మెరుస్తూ, ఎక్కడిదాకా ఉందో తెలియని బురద. దాని చివర సన్నగా ఒక తెల్ల గీత. పిట్టలన్నీ ఆ గీత దగ్గరే, ఆవాలు చల్లినట్టు ఉన్నాయి. కెమెరా ముక్కును చివరిదాకా సాగదీసినా ఆవాలు మిరియాలయ్యాయి, అంతే.

"గంత దూరం నుంచి ఏమొస్తది జ్యోతమ్మా?"

ఆ పూట ఎప్పుడో మేడం జ్యోతమ్మ అయిపోయింది.

"మనం వెళ్ళక్కర్లేదు. పోటు ఎక్కుతోంది. నీళ్ళు నెడితే అవే ఇటు వస్తాయి. కూర్చో."

ఒక పాత పడవ నీడలో కూర్చున్నారు. నీళ్ళు ముందుకు వస్తున్నట్టు ఎక్కడా కనిపించలేదు, కానీ చూసి చూసి కళ్ళు తిప్పి మళ్ళీ చూస్తే దగ్గరికి వచ్చి ఉండేవి. నీళ్ళ ముందు పిట్టలు నడుస్తూ వచ్చాయి. చిన్న చిన్న కాళ్ళతో పరుగెత్తి, ఆగి, బురదలో ముక్కు గుచ్చి, మళ్ళీ పరుగెత్తి. కాసేపటికి వాటి కూతలు వినిపించాయి. ఇంకాసేపటికి కళ్ళు కూడా కనిపించేంత దగ్గరయ్యాయి. సైదమ్మ ఫొటోలు తీస్తూనే ఉంది. జ్యోతి మేడం తన కెమెరా ఒళ్ళో పెట్టుకుని, పిట్టల్ని వదిలేసి సైదమ్మను చూస్తోంది.

గద్ద ఎటు నుంచి వచ్చిందో తెలియదు. ఒక్కసారి నేల లేచినట్టయింది. ఆ చప్పుడు గురించి ఎవరూ ఆమెకు చెప్పలేదు. వంద మంది ఒకేసారి తడి దుప్పట్లు దులిపినట్టు అని నాతో అన్నది. గుంపు నల్లగా పైకి లేచి, సాగి, ముడుచుకుని, అలా తిరిగింది. ఆకాశంలో ఆ ముక్క తెల్లగా వెలిగింది. మళ్ళీ తిరిగింది, ఆరిపోయింది. సైదమ్మ మీట నొక్కింది. ఆ ఫొటో నేను చూశాను. కాస్త పక్కకు వాలింది, కింద నీటి గీత ఏటవాలుగా ఉంది, కానీ తెలుపూ నలుపూ రెండూ పడ్డాయి.

"తీశావా?" అంది మేడం.

సైదమ్మ తల ఊపింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది.

మర్నాడు కూడా వెళ్ళారు. గద్ద రాలేదు. పిట్టలు తమ పాటికి తాము తిని వెళ్ళాయి. తిరిగి వస్తూ కాలవ గట్టు మీద స్కూటీ ఆపి కొబ్బరిబొండాలు తాగుతున్నప్పుడు జ్యోతి మేడం అంది, "ఉండిపో సైదక్కా. మా కాలేజీ పిల్లలకు సరైన మెస్సు లేదు. ఇద్దరం కలిసి పెడదాం. పొద్దున్నే ఇక్కడికొచ్చి, తర్వాత వంట."

"మరి మా ఆయన?"

"ఆయన రోజు విడిచి రోజు వస్తూనే ఉంటాడుగా!"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మేడం సరదాకు అన్నది. సైదమ్మకూ అది సరదా అనే తెలుసు. కానీ తిరుగు రైల్లో ఆమె ఆ మెస్సుకు పొయ్యి ఎటు వైపు ఉండాలో ఆలోచించింది. కిటికీ తూర్పుకు ఉండాలి అనుకుంది. కొత్తపేట వచ్చాక కూడా ఆలోచించింది. ఈ సంగతి ఆమె మట్టయ్యకు ఎన్నడూ చెప్పలేదు. నాకు చెప్పింది కూడా చాలా ఏళ్ళకు, అదీ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

సమ్మె ముగిసింది. బస్సులు నడిచాయి, పిల్లలు తిరిగొచ్చారు, పొయ్యి మళ్ళీ వెలిగింది. సముద్రం చూడనంత కాలం ఆమెకు అది ఒక ముచ్చట మాత్రమే. చూసొచ్చాక మాత్రం వేరుగా అయింది. చపాతీలు వత్తుతూ మధ్యలో ఆగిపోయేది. "ఇప్పుడు అక్కడ పోటెక్కుతుంటది," అనేది ఎవరితోనో అన్నట్టు.

మట్టయ్య మాత్రం తన మాట మరిచిపోలేదు. మరుసటి వేసవిలో, హాస్టల్ పిల్లలు పరీక్షలు రాసి ఇళ్ళకు పోయిన నాలుగు రోజులు చూసి, ఆమెను తన బస్సు ఎక్కించాడు. డ్రైవరు వెనక ముందు సీటే. ఎక్కిన ప్రతి తెలిసిన మనిషికీ "మా ఇంటామె" అని చెప్పుకున్నాడు. సూర్యాపేటలో చాయ్ తాగించాడు, విజయవాడలో లేపి కృష్ణను చూపించాడు. మంగినపూడి బీచికి ఆటోలో తీసుకెళ్ళి, ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి చిన్నపిల్లాడిలా అరిచాడు. సైదమ్మ ఒడ్డున కెమెరాతో నిలబడింది. అది మే నెల. ఉల్లంకి పిట్టలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. జ్యోతి మేడం పేపర్లు దిద్దడానికి గుంటూరు పోయింది. ఒడ్డున కాకులున్నాయి, పల్లీలమ్మేవాడున్నాడు. ఆమె మట్టయ్యను రెండు ఫొటోలు తీసింది.

"ఎట్లున్నది?" అని అడిగాడాయన, గడ్డం నుంచి ఉప్పునీళ్ళు కారుతుండగా.

"మంచిగున్నది," అంది సైదమ్మ. ఆయన అంత సంతోషంగా ఉన్నప్పుడు ఇంకో మాట ఎట్ల వస్తది, అన్నది నాతో.

రెండువేల పదమూడు మొదట్లోనే జ్యోతి మేడంకు పెళ్ళయింది. ఆయనది శ్రీకాకుళంలో ఉద్యోగం. ఆ ఏడాది వానాకాలం అటువైపు వాళ్ళు సమ్మె కట్టారు, రాష్ట్రం విడదీయొద్దని. మళ్ళీ బందరు బస్సులు ఆగాయి. అవి నడిచే సమయానికి మేడం బందరులో లేదు. మట్టయ్యకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి, అడిగి సిటీ బస్సులోకి మారాడు. ఆఖరుసారి పంపిన కార్డు మేడం దగ్గరే ఉండిపోయింది. అందులో సైదమ్మ తీసినవి, కట్ట మీది తుమ్మకొమ్మలో గూడు కట్టిన పిట్ట ఫొటోలున్నాయి. పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన వరుస మొత్తం. అలాంటిది మళ్ళీ దొరకలేదు.

తెలంగాణ వచ్చిన రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో సైదమ్మ పెద్ద డేగిసాతో పాయసం వండింది. గులాల్ పడి ఆమె నెరిసిన జుట్టు గులాబీ రంగయింది. మా అందరినీ పట్టుకుని గిరగిరా తిప్పింది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆ గోలలోనే ఫోను మోగింది. ఒక చెవి మూసుకుని, పక్కనున్న బట్టల దుకాణం మెట్లెక్కి మాట్లాడింది.

"సంతోషమేగా సైదక్కా?" అంటోంది అవతల.

"మస్తు సంతోషం జ్యోతమ్మా. ఆడ పిట్టలున్నయా? శ్రీకాకుళంల?"

"ఉన్నాయట. ఎక్కడో దూరం. బాబుతో కుదరడం లేదు. కెమెరా తీసి ఏడాది అయింది."

"తియ్యుండ్రి. మూల పెడితె బూజు పడతది."

"నువ్వు రా ఒకసారి."

"ఒస్త," అంది సైదమ్మ. ఫోను పెట్టేశాక ఆ మెట్ల మీదే కాసేపు కూర్చుంది. డప్పులు దగ్గరికి వస్తుంటే లేచి, మళ్ళీ గరిటె అందుకుంది.

ఆ చలికాలం నేను ఉద్యోగంలో చేరి, ఒక పని మీద దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, దుమ్ము, ఎక్కడ చూసినా ఇనుప రేకులు. హాస్టల్‌కు పోతే సైదక్క లేదన్నారు. ఎక్కడుంటుందో నాకు తెలుసు కాబట్టి చెరువు కట్టకు పోయాను. రాళ్ళ మీద అలాగే ముడుచుకుని కూర్చుని ఉంది. కళ్ళద్దాలు వచ్చాయి. కెమెరా వెనక మూత పోతే రబ్బరు బ్యాండు కట్టింది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"మళ్ళీ పోలేదా అక్కా, సముద్రానికి?"

"పోతే పోవచ్చు బిడ్డా. రైలున్నది, బస్సున్నది. ఎవరాపుతరు?" అంది. కెమెరా కొంగుతో తుడుస్తూ, "ఒక్కదాన్నే పోయి ఆడ కూసుంటె ఈడ కూసున్నట్టే ఉంటది గద," అంది.

నీళ్ళ మీద, గుర్రపు డెక్క లేని చోట, గోధుమ రంగు బాతుల గుంపు ఒకటి తేలుతోంది. ఎక్కడో టపాకాయ పేలింది. బాతులన్నీ ఒక్కసారి లేచాయి. సైదక్క కెమెరా ఎత్తింది, కళ్ళద్దాలు అడ్డమొచ్చాయి, అవి నుదుటి మీదికి తోసుకునేలోపు గుంపు చెరువు మీద చుట్టు తిరిగి మేడల వెనక్కి పోయింది.

"పోయినయి," అన్నాను.

"దిగుతయ్. జర ఆగు."

కూరగాయలు తరిగే వేళ దాటిపోయింది. హాస్టల్ వాచ్‌మన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఫోను తీసి చూసి, సంచీలో వేసుకుని, నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. నేనూ లేవలేదు.